నల్లంచు కాగితం

మద్రాసు, చింతాద్రిపేట
ఫిబ్రవరి 2, 1930

అక్కకు సోమాస్కందన్ నమస్కారాలు.

మొత్తానికి ఆ పని చేసేశాను. సీమలో లెక్కల పండితుడు కెల్లవే దొరకు ఉత్తరం రాసి నిన్న ఓడ టపాలో వేశాను. పద్నాలుగు పేజీలు. ఇంగ్లీషు వరకు ఏకాంబరం మేష్టారు సరిదిద్దారు, లెక్కల జోలికి రాలేదు. ఆయన కాలేజీలో లెక్కలు చెప్పే మనిషే. కానీ నా కాగితాలు రెండు వారాలు దగ్గర ఉంచుకుని, ఇవి తప్పో ఒప్పో చెప్పే తాహతు నాకు లేదయ్యా, చెప్పగలిగినవాడు సీమలో ఉన్నాడు అన్నారు. ఆ దొర చేతిరాతతో ఒక్క మంచి మాట వస్తే చాలట. నన్ను ఈ కార్ఖానా నుంచి తప్పించి, కాలేజీ పుస్తకాల గదిలో కూర్చోబెట్టి, లెక్కలు చేసుకోవడానికే జీతం ఇప్పిస్తారట. ఆ మాట రాకుండా మాత్రం, అయిదో క్లాసుతో ఆపేసిన పోతపనివాడి కోసం పెద్దల ముందు నోరు తెరవలేనన్నారు. ఆయన్ని తప్పుపట్టను.

మొదటి పేజీలో ఏం పెట్టానో తెలుసా? మన మెట్లు. నాన్న విగ్రహం ముఖాన్ని కొబ్బరాకు పట్టీతో కొలిచి మడతలు పెడుతుంటే నేను పక్కన చేరేవాణ్ణి కదా. పెద్ద పట్టీలో చిన్న పట్టీ ఎన్నిసార్లు పడుతుంది, మిగిలిన ముక్క చిన్న పట్టీలో ఎన్నిసార్లు పడుతుంది, అందులో మిగిలింది మళ్లీ ఈ ముక్కలో ఎన్నిసార్లు అని ఆకులన్నీ చింపి నీ చేత మొట్టికాయలు తినేవాణ్ణి. ఆ మిగుళ్లను గీత కింద గీతగా, కుడివైపుకి దిగే మెట్లలా వాకిట్లో గీసేవాణ్ణి. నువ్వు వాటి మీద పేడనీళ్లు చల్లేదానివి. ఆ మెట్లే ఇప్పుడు ఓడెక్కాయి. మెట్టు మెట్టుకీ 1, 4, 9, 16. ఒకటొకట్లు, రెండ్రెళ్లు, మూడుమూళ్లు, నాలుగునాల్గులు, అలా అడుగనేది లేకుండా దిగిపోతాయి. అడుగు లేకపోయినా మొత్తం విలువ ఎంతో నాకు తెలుసు. అదే దొరకు చెప్పాను.

కార్ఖానాలో నా పని సీసం కరిగించి అచ్చక్షరాలు పోయడం. మన ఇంట్లో దేవుళ్లను పోస్తారు, నేనిక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా 'క'లు పోస్తాను. గదికి ఉన్న ఒక్క కిటికీకీ మేకులు కొట్టేశారు.

జవాబు మన ఊరికే వస్తుంది. ఇక్కడ మెస్సులో గదులు మారుస్తూనే ఉంటారు, ఎవరి ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. అందుకని కేరాఫ్ వైద్యలింగ స్థపతి, స్వామిమలై అని బావ పేరు పెట్టాను. వచ్చిన రోజే ఇంకో కవరులో పెట్టి నాకు పంపించు. తెరిచినా పరవాలేదు, ఎలాగూ నీకు ఇంగ్లీషు రాదు.

గుడికిచ్చే భిక్షాటన శివుడి విగ్రహం పోత ఎప్పుడు? ఈసారైనా పగలకుండా రావాలి. బావకు నా నమస్కారం.

సోమా

*

స్వామిమలై
ఏప్రిల్ 3, 1930

చిరంజీవి సోమాకు అక్క తైయల్నాయకి ఆశీస్సులు.

పోత అయింది. పగల్లేదు. ముందు ఈ మాట రాసి అప్పుడు ఊపిరి పీల్చుకుంటున్నాను. పోయిన ఏడు రెండు విగ్రహాలు పగిలాయి కదా. మూడోది కూడా పగిలితే పనిని పై వీధి స్థపతులకు ఇచ్చేస్తామని గుడి ధర్మకర్తలు మీ బావ మొహం మీదే అన్నారు. ఆ మాట విన్నాక మీ బావ నెల రోజులు సరిగా అన్నం తినలేదు. కావేరి వండ్రుమట్టి తనే తెచ్చుకుని, తనే మెత్తగా నూరి, మైనపు బొమ్మ మీద మూడు పూతలూ తనే పూశాడు. ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు.

పోయిన గురువారం పిడకల మంట మీద అచ్చుని కాల్చి మైనం కార్చేశారు. మైనం పోయాక ఆగడానికి లేదని నీకు తెలుసు. అచ్చు వేడిగా ఉండగానే గుంటలో పాతి లోహం పోసేయాలి, చల్లారిందా బీట వారుతుంది. మిట్టమధ్యాహ్నం దాటాక పోశారు. రెండో రోజు మట్టి పగలగొడితే భుజం దగ్గర చిన్న గుంట తప్ప ఎక్కడా మచ్చ లేదు. మీ బావ ఆ పాదాలు పట్టుకుని అందరి ముందూ ఏడ్చాడు. పదిహేనేళ్ల కాపురంలో ఆ మనిషి ఏడవడం నేను చూడలేదు.

పోత రోజు రెండుసార్లు తలస్నానం చేశాను. జలుబు పట్టుకుంది, అందుకే ఉత్తరం ఆలస్యమైంది.

దొర దగ్గర్నుంచి ఇంకా ఏమీ రాలేదు. కిటికీ మేకులు పీకించమని మీ మేస్త్రీతో చెప్పు.

అక్క

*

మద్రాసు
జూన్ 15, 1930

అక్కకు నమస్కారాలు.

పోత బాగా వచ్చిందన్న రోజు మాసిలామణికి మైసూరుపాకు తినిపించాను. మాసిలామణి అంటే నా గదిలో ఉండే కంపోజిటర్. నేను పోసిన అక్షరాలు పేర్చి పొట్టపోసుకుంటాడు, అవి వంకరగా ఉన్నాయని నన్నే తిడతాడు.

నాలుగు నెలలు దాటింది. పోను మూడు వారాలు, రాను మూడు వారాలు, చదవడానికి ఓ నెల వేసుకున్నా ఏప్రిల్లోనే రావాలి. ఏకాంబరం మేష్టారు కనిపించినప్పుడల్లా వచ్చిందా అంటారు, లేదంటే తలూపి వెళ్లిపోతారు. కాలేజీలో ఆ చోటు జూలై దాకా ఖాళీ ఉంచగలరట. ఆ తర్వాత ఎవరో పట్టా ఉన్నవాడికి ఇస్తారు.

కడుపులో నొప్పి వస్తోంది. మెలిపెట్టినట్టు వస్తుంది, అరగంట ఉండి పోతుంది. అద్దంలో చూసుకుంటే చిగుళ్ల అంచున నీలం గీత కనిపించింది. సీసం గదిలో పాతవాళ్లందరికీ ఈ గీత ఉంటుందట, అది చూసి నువ్వు ఇప్పుడు మాలో ఒకడివి అని నవ్వారు.

ఇంతకీ పోత రోజు రెండుసార్లు తలంటుకున్నావెందుకు? పొద్దున స్నానం లెక్కకు వచ్చింది, రెండోది రావడం లేదు.

సోమా

*

స్వామిమలై
జూలై 1, 1930

చిరంజీవి సోమాకు ఆశీస్సులు.

కాకి తన్నింది. పెరట్లో గిన్నెలు తోముతుంటే నెత్తిన తన్ని పోయింది, అందుకే రెండో స్నానం. నీకు లెక్కలు తక్కువయ్యాయా, నా స్నానాలు లెక్కపెడుతున్నావు?

అల్లం లేహ్యం పంపుతున్నాను, పరగడుపున ఉసిరికాయంత మింగు. మజ్జిగ మానకు.

సోమా, దొరకు ఇంకో ఉత్తరం రాయకూడదా? ఓడలో పోయే ఉత్తరాలు, మధ్యలో ఎన్ని మునుగుతాయో, ఎన్ని తడుస్తాయో. అక్కడి నుంచి జవాబు బయల్దేరి ఇక్కడికి చేరకుండా పోయి ఉండొచ్చు. అలా అని రాయి. ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది? ఈసారి మన ఊరి పేరు ఇవ్వకు, ఏకాంబరం గారి కాలేజీ పేరు ఇవ్వు. కాలేజీకి వస్తే పోదు.

తప్పకుండా రాయి. రాశానని నాకు జాబు వేయి.

అక్క

*

మద్రాసు
సెప్టెంబరు 7, 1930

అక్కకు నమస్కారాలు.

చోటు పోయింది. ఎవరో పట్టా ఉన్న అబ్బాయి చేరాడు, మంచివాడేనట.

రెండో ఉత్తరం రాయను. జూలై నుంచి నాలుగు ఉత్తరాల్లో అడిగావు కాబట్టి ఒక్కసారే వివరంగా చెబుతాను, మళ్లీ అడగకు. టపా ఆఫీసుకు వెళ్లి పెద్ద గుమాస్తాను అడిగాను, సీమ ఉత్తరాల్లో ఎన్ని తప్పిపోతాయి అని. ఆయన నవ్వి, వెయ్యికి ఒకటి కూడా ఉండదు అన్నాడు. ఒక పక్క వెయ్యిలో ఒకటి, ఇంకో పక్క ఊరూ పేరూ లేని పోతపనివాడి కాగితాలు దొర చెత్తబుట్టలో వేయడం. ఈ రెండింట్లో ఏది నమ్మాలో చెప్పడానికి లెక్కలు కూడా అక్కర్లేదు. ఇంటి ముందు నిలబడి ఒకసారి పిలుస్తాం, పలకకపోతే వెళ్లిపోతాం. తలుపు బాదడం నాకు చేతకాదు.

పైగా నేను పంపిన వాటిలో ఏడో లెక్క తప్పు. పోయిన వారం కనిపెట్టాను. చిన్న సంఖ్యలకు సరిపోతుంది, పెద్ద వాటి దగ్గర తప్పిపోతుంది. దొర అది చూసి మిగతావి చదవకుండా పారేసి ఉంటాడు. ఒక వేలు వంకర పోతే విగ్రహం మొత్తం కరిగించేవాడు కదా నాన్న.

కుడి చెయ్యి మణికట్టు దగ్గర బలం లేదు. మూకుడు ఎత్తుతుంటే సీసం ఒలికి పాదం కాలింది.

సోమా

*

స్వామిమలై
అక్టోబరు 12, 1930

సోమా,

వచ్చేయి. ఆ పని వదిలేసి రేపే బండెక్కు. మీ బావతో మాట్లాడాను, మైనం పని నీకే ఇస్తానన్నాడు. మైనంలో సీసం ఉండదు. కిటికీలకు మేకులు ఉండవు. కూర్చుని దేవుళ్ల వేళ్లు చేసుకుందువు గాని, మధ్యలో ఎన్ని మెట్లైనా గీసుకో, పేడనీళ్లు చల్లను.

రాకపోతే ఆ దొరకైనా రాయి. నేను పెద్దదాన్ని, అమ్మ పోయాక నిన్ను పెంచినదాన్ని, నా మాట ఒక్కటి వింటే ఏం? వెయ్యికి ఒకటి అన్నాడు గుమాస్తా. ఆ ఒకటి ఎవరో ఒకరిది అవ్వాలి కదా. ఎవరిదో ఎందుకు, నీదే అయి ఉండొచ్చు. నాకు తెలుసు, నీదే.

భిక్షాటనుడు గుడికి చేరాడు. ఊరేగింపులో అందరూ చేతులెత్తి దండం పెట్టారు. నేను ఇంట్లోనే ఉండిపోయాను.

అక్క

*

మద్రాసు
జనవరి 11, 1931

అక్కకు నమస్కారాలు.

అక్షరాలు నావి కావు. మాసిలామణి రాస్తున్నాడు, నేను చెబుతున్నాను. రెండు చేతులూ మణికట్టు దగ్గర వేలాడిపోయాయి. వేళ్లు ముడుచుకుంటాయి, చెయ్యి పైకి లేవదు. ఆసుపత్రిలో డాక్టరు నా చిగుళ్లు చూసి ఇంకేమీ అడగలేదు. ఇది సీసం చేసిన పని, తలకెక్కకుండా చూడాలి అన్నాడు. కార్ఖానా వాళ్లు నా చోట ఇంకొకరిని పెట్టుకున్నారు. ఊరికి రమ్మని మళ్లీ రాయకు, చేతులు లేనివాడికి మైనం ఎందుకు?

ఒక సంగతి. ఏకాంబరం మేష్టారికి తెలిసిన ఒకాయన సీమ నుంచి వచ్చాడు, కెల్లవే దొర దగ్గర చదువుకున్నవాడు. దొర ఒక్కగానొక్క కొడుకు పోయిన ఫిబ్రవరిలో పోయాడట, నా ఉత్తరం చేరిన రోజుల్లోనే. వాళ్లలో చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాదిపాటు నల్లంచు కాగితం మీదే ఉత్తరాలు రాస్తారట. ఎవరికి రాసినా అంతే, పాలవాడికి రాసినా అంతే. మనకు నల్లంచు వస్తే గుమ్మం బయటే చింపి పారేస్తాం, వాళ్లకు అది రాసేవాడి దుఃఖానికి గుర్తు మాత్రమే, అందరూ తెరిచి చదివి దాచుకుంటారు. విని సిగ్గుపడ్డాను. ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టుకున్నాను. కొడుకు పోయినవాడికి నా మెట్లు ఏం కనిపిస్తాయి?

అందుకని మనసు తేలికపడింది. నోటు పుస్తకాలు నాలుగూ మొన్న మాసిలామణి చేత సీసం కొలిమిలో వేయించాను. వాడు ఏడుస్తూ వేశాడు. ఈ వాక్యం రాయనంటున్నాడు, రాయమంటున్నాను.

సోమా

*

స్వామిమలై
జనవరి 20, 1931

సోమా,

ఈ ఉత్తరం నువ్వే చదువు. మాసిలామణి చేతికి ఇవ్వకు.

దొర దగ్గర్నుంచి జవాబు వచ్చింది. పోత రోజే వచ్చింది. నేను చింపేశాను.

మైనం కార్చేశారు, అచ్చు మంట మీద ఎర్రగా ఉంది. మూసలో లోహం కరుగుతోంది. టపా మనిషి గుమ్మం దగ్గరకొచ్చి, కవరు కొస పట్టుకుని దూరం నుంచే చాపి, వైద్యలింగ స్థపతి పేరున, నల్లంచమ్మా అని చెప్పి నా మొహం చూడకుండా పోయాడు. నాలుగు పక్కలా నల్ల గీత. లోపల పై కాగితం అంతా ఇంగ్లీషు. బొంబాయిలో మీ బావ బాబాయి మంచం పట్టి ఉన్నాడు కదా, ఆయన కొడుకు ఎప్పుడూ ఇంగ్లీషులోనే రాస్తాడు. ఆయనే పోయాడనుకున్నాను. తపాలా బిళ్ల మీద రాజు తలే ఉంది. సీమ బిళ్లకీ, బొంబాయి బిళ్లకీ అదే రాజు తల కదా.

మీ బావ చెవిన పడితే పది రోజుల మైల. మైలలో ఉన్నవాడు దేవుణ్ణి పోయకూడదు. అచ్చు చల్లారితే మూడోది కూడా పగులుతుంది, పని పై వీధికి పోతుంది. వినేదాకా మైల లేదు, అది మనందరికీ తెలిసిందే. పోత అయ్యాక బొంబాయికి మనమే రాసి కనుక్కోవచ్చనుకున్నాను. ఎవరి చేతా చదివించకుండా కాలవ గట్టుకు పోయి చింపి నీళ్లలో వేసి, మునిగి వచ్చాను. అదే రెండో స్నానం. కాకి తన్నలేదు.

నల్లంచు సీమలో ఎందుకో నువ్వు రాశాకే తెలిసింది. నీ చేతులు నేనే విరిచాను సోమా.

అక్క

*

మద్రాసు
జనవరి 29, 1931

అక్కా,

చదివాను. రెండు రోజులు మాసిలామణి కలం పట్టుకుని కూర్చుని లేచిపోయాడు. అందులో ఏముందో వాడికి చెప్పలేదు, కానీ ఇప్పుడు తెలుస్తుంది, పరవాలేదు.

నువ్వు రాసింది సరిపోవడం లేదు. బొంబాయి బాబాయి బతికే ఉన్నాడు, పోయిన మేలో ఆయన చేతిరాతతో కార్డు వచ్చిందని నువ్వే రాశావు. అప్పుడైనా ఆ నల్లంచు ఎవరిదని అడిగి ఉండాలి. విగ్రహం ముక్కులో గింజంత తేడా ఉంటే ఇంటి అవతలి నుంచి కనిపెట్టే మనిషివి. పైగా ఏప్రిల్లోనే, కార్డు రాకముందే, రెండు స్నానాల సంగతి రాశావు, ఉత్తరం సంగతి రాయలేదు. ఊరికే చావు కబురే అనుకుని ఉంటే నాకు రాసేదానివి. జూలైలో కాలేజీ పేరు ఇవ్వమన్నావు. అక్టోబరులో, నాకు తెలుసు నీదే అన్నావు.

నీకు ఎప్పుడు తెలిసింది?

సోమా

*

స్వామిమలై
ఫిబ్రవరి 6, 1931

సోమా,

ఆ రోజే తెలిసింది.

ముక్కలు నీళ్లలో వేసి మునిగి లేస్తే, ఒక ముక్క తిరిగొచ్చి మోచేతికి అతుక్కుంది. చూశాను. అందులో మెట్లున్నాయి. మన వాకిట్లో నువ్వు గీసిన మెట్లే, గీత కింద గీత, కుడివైపుకి దిగుతూ. చావు కబురులో ఎవరూ మెట్లు గీయరు. అది నీ ఉత్తరమని అక్కడే, ఆ నీళ్లలోనే తెలిసింది.

మిగతా ముక్కలు ఇంకా దూరం పోలేదు. చాకిరేవు బండ దగ్గర నాచుకు తట్టుకుని తిరుగుతున్నాయి. నాలుగు బారలు ఈదితే అందుతాయి. నేను ఈదలేదు. గట్టు మీద పై వీధి ఆడవాళ్లు ఉన్నారు, నల్లంచు ముక్కలు ఏరుకుంటుంటే చూస్తారు, ఎవరు పోయారని అడుగుతారు, ఆ మాట నాకంటే ముందు మన వీధికి చేరుతుంది. కాదు, ఇది చావు కబురు కాదు అని చెబితే ఎవరు నమ్ముతారు, చదివి చూపించేవాడు ఎవడు? అవతల మీ బావ గుంట దగ్గర నిలబడి ఉన్నాడు. ముక్కలు బండ దాటి పోయేదాకా చూస్తూ నిలబడ్డాను. నీ సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాను. దొర బతికే ఉన్నాడు, ఇంకోసారి రాస్తాడు అనుకున్నాను. దేవుణ్ణి ఇంకోసారి పోయలేం అనుకున్నాను. ఇదీ నేను చేసింది. ఇందులో ఇంకేమీ దాచలేదు.

ఆ ఒక్క ముక్కను కొంగులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. సిరా కారిపోతోంది. పొయ్యిలో బొగ్గు తీసి, ధాన్యం గాదె తలుపు లోపలివైపు, ఉన్నది ఉన్నట్టు దించుకున్నాను. అంతలో కాగితం పిండై పోయింది. తలుపు మీదది ఇప్పటికీ ఉంది, రోజూ బియ్యం తీసేటప్పుడు చూస్తాను. ఇప్పుడు చూసి రాస్తున్నాను. పై మెట్టు మీద 1. దాని కింద మెట్టు మీద 8. దాని కింద 27, అది నక్షత్రాల లెక్క కాబట్టి గుర్తుంది. దాని కింద 64. ఆ కింద గీత ఉంది, గీత కింద చిరిగిపోయింది.

నీ ఉత్తరంలో 1, 4, 9, 16 అని ఉంది. నేను తప్పుగా దించుకున్నానేమో తెలియదు. తడిసిన కాగితం, నా తొందర. కానీ తలుపు మీద ఉన్నది ఇదే.

అక్క

*

మద్రాసు
ఫిబ్రవరి 15, 1931

అక్కా,

తప్పుగా దించుకోలేదు.

నేను పంపినవి వర్గాలు, సంఖ్యని దానితో ఒకసారి గుణిస్తే వచ్చేవి. నీ తలుపు మీద ఉన్నవి ఘనాలు. రెండుని మూడుసార్లు వేసి గుణిస్తే ఎనిమిది, మూడుని మూడుసార్లు వేస్తే ఇరవై ఏడు, నాలుగుకి అరవై నాలుగు. ఆ మెట్టు నాది కాదు. నేను అంతదూరం పోలేదు, పోవచ్చని కూడా తోచలేదు. నన్ను ఓదార్చడానికి నువ్వు అబద్ధం రాసి ఉంటే నా అంకెలే రాసేదానివి. తొందరలో తప్పు పడి ఉంటే ఎక్కడో ఒక అంకె పోయేది, నాలుగూ కలిసి ఘనాలు కావు. ఘనాలంటే ఏమిటో నీకు తెలియదు. కాబట్టి అవి దొర రాసినవే.

పారేసే కాగితాన్ని ఎవరూ ముందుకు తీసుకుపోరు. ఆయన నా మెట్లు దిగి చూశాడు, దిగడం సరిపోక ఇంకో మెట్ల వరస కట్టి చూపించాడు. కొడుకు పోయిన నెలలో కూర్చుని ఆ పని చేశాడు. ఏడోది తప్పని ఆయనకూ తెలిసే ఉంటుంది, అయినా రాశాడు.

నిన్ను క్షమించానా అని అడగకు. పొద్దున ఒక రకంగా ఉంటుంది, సాయంత్రం ఒక రకంగా ఉంటుంది. పుస్తకాలు గుర్తొస్తే గోడకేసి తల కొట్టుకోవాలనిపిస్తుంది. కానీ నువ్వు ఆ తలుపు మీద గీయకపోతే నేను చెత్తబుట్టలో పడినవాణ్ణిగానే పోయేవాణ్ణి. ఈ రెండూ నువ్వే చేశావు, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసివేయడం నాకు రావడం లేదు.

చిరిగిన గీత కింద ఏముందో చెప్పనా? 125. నువ్వు నీళ్లలో పారేసినా అది అక్కడే ఉంది.

ఈ మెట్ల మొత్తం ఎంతో కనుక్కోవాలి. మధ్యమధ్య తల తిరిగి పడిపోతున్నాను, మాటలు తడబడుతున్నాయి, ఎక్కువ రోజులు లేవని డాక్టరు నాకు చెప్పలేదు గానీ మాసిలామణికి చెప్పాడు. నువ్వు రా. వచ్చేటప్పుడు కొబ్బరాకు పట్టీలు ఒక కట్ట తే. ఎక్కడ మడవాలో నేను చెబుతాను, నువ్వు మడుద్దువు గాని.

సోమా

*

స్వామిమలై, తంజావూరు జిల్లా
ఏప్రిల్ 19, 1931

కెల్లవే దొరగారికి తైయల్నాయకి నమస్కరించి రాసుకునేది.

నేను మీకు పోయిన సంవత్సరం పద్నాలుగు పేజీలు రాసిన సోమాస్కందన్ అక్కను. ఏకాంబరం గారు దీన్ని ఇంగ్లీషులో రాసి జతచేస్తున్నారు. నేను రాసిన కాగితం కూడా పంపమని అడిగాను.

మీ జవాబు పోయిన ఏడాది మార్చి 27న మా ఇంటికి చేరింది. చదవకుండా నేను చింపేశాను. ఎందుకు చింపానో ఏకాంబరం గారికి అంతా చెప్పాను, ఆయన వేరే కాగితం మీద వివరంగా రాశారు. ఆయన మెత్తగా రాసి ఉంటే నమ్మకండి. నా భర్తకు కూడా చెప్పాను. ఆయన విని, కొలిమి దగ్గరకు పోయి కూర్చున్నాడు. ఆ తర్వాత కొత్త విగ్రహానికి మైనం ముట్టుకోలేదు.

మీరు వాడికి బదులు రాయలేదని వాడు పది నెలలు అనుకున్నాడు. అందులో చేతులు పడిపోయేదాకా సీసం గదిలోనే ఉన్నాడు. మీ ఉత్తరంలోంచి నాకు మిగిలింది నాలుగు అంకెలు. అవి చూసి మీరు మంచి మాటే రాశారని వాడు కనుక్కున్నాడు. అది కనుక్కున్న రోజు మొహం ఎలా ఉందో మాసిలామణి నాకు చెప్పాడు, నేను చూడలేదు.

నేను వెళ్లాక వాడు ముప్పై ఒక్క రోజులు ఉన్నాడు. ఆసుపత్రి వరండాలో వాడు చెప్పిన చోటల్లా ఆకు పట్టీలు మడిచాను. చూపు పోయాక మడతల మీద వాడి వేళ్లు పెట్టించేదాన్ని. తప్పు మడిస్తే, అక్కా, మళ్లీ పేడనీళ్లు చల్లావు అనేవాడు. ఆఖరి వారం మాట తెలియలేదు. మార్చి 24న, తెల్లవారాక, పోయాడు. పదకొండు పట్టీలు ఉన్నాయి, ఆకులు ఎండి విరుగుతాయని గుడ్డలో కుట్టి పంపుతున్నాను. 125 మెట్టు కింద ఎంత దూరం దిగాడో వాటిలో ఉంది. మొత్తం విలువ దాకా చేరలేదని ఏకాంబరం గారు అంటున్నారు. పదకొండో పట్టీలో ఆఖరి మడత నేను పెట్టింది, వాడు చెప్పింది కాదు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మీ అబ్బాయి పోయినందుకు బాధపడుతున్నాను. అప్పుడు కూడా వాడికి రాశారు.

ఆ ఉత్తరంలో ఏం రాశారో ఇంకోసారి రాయండి. చదివించుకుంటాను.

ఈ కాగితం నాలుగు అంచులకూ దీపం మసి నేనే రాశాను. మా ఊళ్లో ఇలాంటిదాన్ని గుమ్మం దాటనివ్వరు. మీ దేశంలో తెరిచి చదువుతారని నా తమ్ముడు చెప్పాడు.

తైయల్నాయకి